లండన్ పాత కోర్టు రికార్డులు: తీర్పు తర్వాత ఏమైందో ఎక్కడ చూడాలి?

అందరికీ నమస్కారం. నెల రోజులుగా నిద్ర మానుకుని ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్ చదువుతున్నాను. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి 1913 దాకా జరిగిన విచారణలు అందులో ఉచితంగా దొరుకుతాయి. రాజుల చరిత్ర కంటే నాకిదే నచ్చింది. ఎవరింట్లో ఏం పోయింది, దుప్పటి ఖరీదెంత, పనిమనిషి ఏం చెప్పుకుంది, అన్నీ ఉంటాయి. పాత అచ్చులో 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగా కనిపిస్తుంది. మొదటి రోజు 'సిల్వర్'ని 'ఫిల్వర్' అని చదివి, అదేం లోహమా అని వెతికాను కూడా!

పద్దెనిమిదో శతాబ్దం కేసుల్లో కొన్నిచోట్ల సొత్తు విలువ సరిగ్గా 39 షిల్లింగులని ఉంటుంది. ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరిశిక్ష. జాలిపడ్డ జ్యూరీ కావాలనే ఒక షిల్లింగు తగ్గించేదట.

ఇక నా సమస్య. ఏడేళ్ల ప్రవాస శిక్ష పడ్డవాళ్ల కథ తీర్పుతోనే ఆగిపోతోంది. మొదట్లో అమెరికాకి, 1787 నుంచి ఆస్ట్రేలియాకి పంపారని తెలుసు. కానీ ఫలానా మనిషి ఏ ఓడ ఎక్కాడు, బతికి దిగాడా లేదా? వంశవృక్షాల సైట్లేమో ముందే కార్డు నంబరు అడుగుతున్నాయి. డబ్బు కట్టకుండా ఓడల జాబితాలు చూసే దారి ఎవరికైనా తెలుసా? ఒకే పేరుతో నలుగురుంటే మనం వెతికే మనిషిని ఎలా పోల్చుకోవాలో కూడా చెప్పండి ప్లీజ్.