ద్రవ హీలియంలో ధ్వనితో పుట్టే బుడగలు: కేంద్ర బిందువు వద్ద పీడనాన్ని తెలుసుకోవడం ఎలా?

నమస్కారం. నేను బెంగళూరులో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిని. అర్ధగోళాకారపు పీజోఎలక్ట్రిక్ (విద్యుత్ వోల్టేజీ ఇస్తే కంపించే) పలకతో దాదాపు 1 మెగాహెర్ట్జ్ ధ్వనిని ద్రవ హీలియంలో ఒకే బిందువు వద్ద కేంద్రీకరించి, రుణ పీడన దశలో (అంటే ద్రవం అన్ని వైపులా లాగబడుతున్న స్థితిలో) బుడగ పుట్టే క్షణాన్ని లేజర్ కాంతి చెదరడం ద్వారా గుర్తించే అమరిక మీద పనిచేస్తున్నాను.

నీటిలోనైతే కరిగిన గాలి, దుమ్ము రేణువులు బుడగకు ముందే చోటు సిద్ధం చేసి ఉంచుతాయి. హీలియంలో మాత్రం తక్కిన పదార్థాలన్నీ గడ్డకట్టి గోడలకు అంటుకుపోతాయి కనుక, 1 కెల్విన్ కంటే దిగువన ఆ ద్రవం సుమారు మైనస్ 9 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన వాతావరణ పీడనమంత) వరకు తెగకుండా నిలుస్తుంది. అందులో ఎలక్ట్రాన్ ఒకటి చిక్కుకుంటే, దాని చుట్టూ ఏర్పడే దాదాపు 2 నానోమీటర్ల వ్యాసార్థపు గుల్ల మైనస్ 2 బార్ దగ్గరే అదుపు తప్పి ఉబ్బిపోతుంది.

నా చిక్కంతా పీడనం కొలవడంలోనే ఉంది. అంత చిన్న చోట హైడ్రోఫోన్ (ద్రవంలో ధ్వని పీడనాన్ని కొలిచే పరికరం) పెట్టలేము. పెట్టినా దాని ఉపరితలం మీదే బుడగ పుట్టవచ్చు. అందువల్ల ద్రవం మొత్తం మీద ఉండే స్థిర పీడనాన్ని మారుస్తూ, బుడగకు అవసరమైన పలక వోల్టేజీని గ్రాఫులో గుర్తించి, ఆ సరళరేఖను సున్నా వోల్టేజీ వరకు పొడిగించి, అక్కడి పీడనాన్నే బుడగ పుట్టే పీడనంగా తీసుకోవాలని అనుకుంటున్నాను. అయితే రుణ పీడనంలో ధ్వని వేగం పడిపోయి తరంగ రూపమే మారుతుంది గనుక, ఈ పొడిగింపును ఎంతవరకు నమ్మవచ్చు? దీనికి బదులు టంగ్‌స్టన్ సూది మొన నుంచి ఎలక్ట్రాన్లను పంపి, వాటి మైనస్ 2 బార్ పరిమితినే కొలబద్దగా తీసుకోవడం మేలా? అతిశీతల ప్రయోగాలలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.