పొలం దావా పోయింది, ఏకంగా హైకోర్టుకు వెళ్ళొచ్చా? అసలు కోర్టుల వరస ఏంటి?

పల్నాటి కుర్రాడు

అందరికీ నమస్తే. మాది పల్నాడులో ఒక పల్లె. తాతగారి నుంచి వచ్చిన ఎకరా ఇరవై సెంట్ల పొలంలోకి పక్క చేను వాళ్ళు గట్టు జరుపుకుంటూ వచ్చారని నాన్న జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశారు. ఏళ్ళ తరబడి వాయిదాలు నడిచి పోయిన వారం దావా కొట్టేశారు. నాన్నకి అన్నం సహించడం లేదు, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

బాబాయి ఏకంగా హైకోర్టుకు పొమ్మంటున్నాడు. ఊళ్ళో ఒక పెద్దాయన సుప్రీంకోర్టు దాకా వెళ్తే తప్ప న్యాయం జరగదు అంటున్నారు. నాకు అసలు ఈ వరసే అర్థం కావట్లేదు. టీవీలో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, తొమ్మిది మంది ధర్మాసనం అంటారు, మా కేసు ఒక్క జడ్జిగారే తేల్చేశారు. పై కోర్టుకు వెళ్తే సాక్షులను మళ్ళీ పిలిచి మొదటి నుంచి వింటారా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

రిటైర్డ్ బెంచి గుమాస్తా

బాబూ, ముందు తేదీలు చూసుకో, మిగతావన్నీ తర్వాత. జూనియర్ సివిల్ జడ్జి ఇచ్చిన డిక్రీ (దావాలో ఏం తేల్చారో చెప్పే ఉత్తర్వు) మీద అప్పీలు జిల్లా కోర్టుకు పోతుంది, హైకోర్టుకు కాదు. జిల్లా జడ్జి తనే వినొచ్చు, సీనియర్ సివిల్ జడ్జికి అప్పగించనూ వచ్చు. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. తీర్పు, డిక్రీల సర్టిఫైడ్ కాపీ, అంటే కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు, తయారవడానికి పట్టిన రోజులను అందులోంచి తీసేస్తారు, కాబట్టి కాపీ అప్లికేషన్ ఇంకా వేయకపోతే రేపే వేయించు. కాపీ మీద స్టాంపు వేసి అప్లికేషన్ వేసిన తేదీ, ఛార్జీలు కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ విడివిడిగా రాస్తారు, లెక్కంతా వాటి మీదే నడుస్తుంది. కాపీ సిద్ధమయ్యాక తీరిగ్గా వెళ్ళి తెచ్చుకుంటే ఆ రోజులు మన గడువులోంచే పోతాయి. గడువు దాటితే దారి పూర్తిగా మూసుకుపోదు, ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషన్ వేసుకోవచ్చు, కానీ తగిన కారణం చూపాలి, దానికే మళ్ళీ కొన్ని వాయిదాలు.

ఇక అసలు సంగతి. వాస్తవాల మీద పోరాడటానికి మీకు మిగిలిన గట్టి చోటు ఈ మొదటి అప్పీలే. ఇక్కడ జడ్జి సాక్ష్యమంతా మళ్ళీ చదువుతారు, కింది జడ్జి నమ్మిన సాక్షిని నమ్మకపోవచ్చు, పక్కన పెట్టిన కాగితానికి విలువ ఇవ్వొచ్చు. దీని తర్వాత హైకోర్టులో సెకండ్ అప్పీలు ఉంది కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 ప్రకారం ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే తీసుకుంటారు, ఆ ప్రశ్న ఏమిటో హైకోర్టే రాసి పెట్టాలి. గట్టు ఎక్కడ ఉండేది, ఎవరి స్వాధీనంలో ఉంది అన్నది కింద రెండు కోర్టులూ ఒకేలా తేల్చాక అక్కడ కదిలించడం చాలా కష్టం. జనం డబ్బూ ఓపికా అంతా ఢిల్లీ కోసమని దాచుకుని, జిల్లా కోర్టులో అప్పీలును మాత్రం ఏదో వేశాంలే అన్నట్టు నడుపుతారు. నా సర్వీసంతా ఇది చూసి బాధపడ్డాను.

సాక్షులను మళ్ళీ పిలవరు. కింది కోర్టు రికార్డు కట్ట అంతా పైకి వస్తుంది, దాని మీదే వాదనలు. అందుకే ఆ కట్టలో ఏముందో ముందు నువ్వు చూడు. తీర్పు చివరి పేజీకి వెళ్ళు, అక్కడ సాక్షుల జాబితా, సాక్ష్యంగా మార్కు చేసిన కాగితాల జాబితా ఉంటాయి. మన కోర్టుల్లో వాది కాగితాలకు ఎ-1, ఎ-2 అని, ప్రతివాది కాగితాలకు బి-1, బి-2 అని వేస్తారు, కమిషనర్ (పొలం చూసి రమ్మని కోర్టు పంపే వ్యక్తి) రిపోర్టుకు సి-1 అని ఉంటుంది. మీ అడంగల్ (పొలం సాగు వివరాల రెవెన్యూ రికార్డు), మీ దస్తావేజు, సర్వేయర్ కొలతలు అందులో ఉన్నాయా? ఆ జాబితాలో లేని కాగితం ఇంట్లో బీరువాలో ఎంత భద్రంగా ఉన్నా జడ్జి దృష్టిలో లేనట్టే.

వైజాగ్ జూనియర్ లాయర్

గుమాస్తా గారు చెప్పింది అక్షరాలా నిజం. టీవీలో కనిపించే ధర్మాసనాల గురించి అడిగారు కదా, అది నేను చెప్తాను.

సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తితో కలిపి ముప్పై మందికి పైగా జడ్జీలకు చోటుంది, వాళ్ళందరూ ఒకేసారి కూర్చోరు. మామూలు కేసులు ఇద్దరే వింటారు, కొన్ని ముగ్గురు. రాజ్యాంగాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న గట్టి ప్రశ్న వస్తే మాత్రం రాజ్యాంగం 145(3) అధికరణ ప్రకారం కనీసం ఐదుగురు ఉండాలి, మీరు టీవీలో చూసేది అదే. ఏ కేసు ఎవరి ముందుకు వెళ్ళాలో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయిస్తారు. తీర్పు మెజారిటీది, ఒప్పుకోని జడ్జి తన అభిప్రాయం విడిగా రాస్తారు.

బెంచి సైజుకు ఎందుకంత విలువ అంటే, చిన్న బెంచి పెద్ద బెంచి తీర్పును కొట్టేయలేదు. 1967లో గోలక్‌నాథ్ కేసులో 11 మంది కూర్చుంటే 6-5తో ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని తేల్చారు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువారు కోకా సుబ్బారావు గారు, మెజారిటీ పక్షాన ఉన్నారు. దాన్ని తిరగరాయాలంటే ఇంకా పెద్ద బెంచి కావాలి, అందుకే 1973లో కేశవానంద భారతి కేసుకు 13 మంది కూర్చున్నారు. అది 7-6. ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదన్న సూత్రం మనకు ఉండేదే కాదు, ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇద్దరి బెంచిలో చెరో మాట అంటే కేసు పెద్ద బెంచికి పోతుంది. 2022లో కర్ణాటక హిజాబ్ కేసులో జరిగింది అదే.

ఇక మీ పొలం సుప్రీంకోర్టుకు చేరాలంటే 136 అధికరణ కింద స్పెషల్ లీవ్ పిటిషన్, అంటే ముందు అప్పీలుకు అనుమతి అడగడం. అది హక్కు కాదు, కోర్టు ఇష్టం. చాలా పిటిషన్లు కొద్ది నిమిషాల్లోనే అయిపోతాయి. కారణం రాయకుండా కొట్టేస్తే హైకోర్టు తీర్పు సరైనదని సుప్రీంకోర్టు ముద్ర వేసినట్టు కాదు, వినడానికి ఒప్పుకోలేదు అంతే. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు.

డల్లాస్ తెలుగబ్బాయి

ఇక్కడి పద్ధతి తెలిసినవాళ్ళకు మనది కొంచెం కొత్తగా అనిపిస్తుంది, అందుకే రాస్తున్నా. అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. టెక్సస్ చట్టం మీద పొలం గొడవ అయితే సాధారణంగా టెక్సస్ కోర్టుల్లోనే తేలిపోతుంది. ఇక్కడి సుప్రీంకోర్టులో తొమ్మిది మందే, అందరూ కలిసే వింటారు. మన దగ్గర కేంద్ర చట్టమైనా రాష్ట్ర చట్టమైనా అదే జూనియర్ సివిల్ జడ్జి, అదే జిల్లా కోర్టు, అదే హైకోర్టు, పైన ఒకటే సుప్రీంకోర్టు. పల్లెలో గట్టు తగాదాకు కూడా కాగితం మీద ఢిల్లీ దాకా దారి ఉంది, ఆ ఆశతోనే మా పెదనాన్న జీవితంలో సగం కోర్టు వరండాలో గడిచిపోయింది. తమ్ముడూ, గుమాస్తా గారి మాట విను.

పల్నాటి కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. కాపీ అప్లికేషన్ ఇవాళ వేయించాను. ప్లీడరు గారి దగ్గర తీర్పు తీసుకుని చివరి పేజీ చూశాను. ఎ-1 దస్తావేజు, ఎ-2 పన్ను రసీదులు, అంతే. పాత అడంగల్ నకళ్ళు మార్కు చేయలేదు. సి-1 కమిషనర్ రిపోర్టు ఉంది, అందులో కొలతలు మాకు వ్యతిరేకంగా ఉన్నాయి, దానికి మేం అభ్యంతరాలు కూడా వేయలేదట. ఇప్పుడు అప్పీల్లో ఆ అడంగల్ పెట్టుకోవచ్చా? ఈలోగా వాళ్ళు గట్టు ఇంకా జరిపితే స్టే వస్తుందా?

రిటైర్డ్ బెంచి గుమాస్తా

పెట్టుకోవడానికి దారి ఉంది, ఇరుకుదారి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 27 కింద, అప్పీల్లో అదనపు సాక్ష్యం కోసం పిటిషన్ వేయాలి. ఎంత శ్రద్ధ పెట్టినా అప్పట్లో ఎందుకు దాఖలు చేయలేకపోయారో కోర్టుకు నమ్మకం కలిగేలా చెప్పాలి, లేదా తీర్పు ఇవ్వడానికి ఆ కాగితం కావాలని జడ్జికే అనిపించాలి. మర్చిపోయాం అంటే సరిపోదు. రెవెన్యూ ఆఫీసు నుంచి నకళ్ళు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు చేతికొచ్చాయి, ఆ తేదీలున్న ప్రతి కాగితం వెతికి పెట్టు.

స్టే సంగతి జాగ్రత్తగా విను. స్టే అంటే కింది కోర్టు తీర్పు అమలును ఆపడం, మీ దావా కొట్టేశారు కాబట్టి ఆపడానికి అక్కడ ఏమీ లేదు. మీరు అడగాల్సింది అప్పీలు తేలేదాకా గట్టు కదపకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు), దానికి అప్పీలుతో పాటే ఐ.ఏ., అంటే మధ్యంతర పిటిషన్, వేయాలి. అప్పీలు దాఖలు చేసినంత మాత్రాన ఏదీ ఆగదు. గట్టు ఇప్పుడు ఎలా ఉందో తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టు. కమిషనర్ రిపోర్టు మీద అభ్యంతరాలు ఎందుకు వేయలేదో ప్లీడరు గారిని మర్యాదగానే, కానీ స్పష్టంగా అడుగు. కాపీ సిద్ధమైందని తెలిసిన రోజే వెళ్ళి తెచ్చుకో, రెండో రోజుకు వాయిదా వేయొద్దు.