శివారు కాలనీల్లో సర్కారు బడికి గదులు ముందా, స్థలం ముందా?

ప్రశ్న: పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడు, తిరుపతి రూరల్

మేము ఉంటున్నది తిరుపతి నగరపాలక సంస్థ సరిహద్దును ఆనుకొని ఉన్న ఒక పంచాయతీలో. పదిహేనేళ్ల కిందట ఇక్కడ మామిడి తోటలు, వేరుశనగ చేలు ఉండేవి. ఇప్పుడు అంకణాల లెక్కన అమ్ముడుపోయిన లేఅవుట్లు, వాటి మధ్య అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల మాత్రం పాత ఊరి జనాభాకు కట్టినదే. నాలుగు గదుల్లో రెండు వందలు దాటిన పిల్లలు కూర్చుంటున్నారు. రెండో తరగతి వరండాలో జరుగుతుంది, వాన వస్తే మూడో తరగతి గదిలోకి చేరుతుంది. నాడు-నేడు పనుల్లో మరుగుదొడ్లు, బల్లలు, ఫ్యాన్లు, రంగులు వచ్చాయి, ఆ మేలు మరువలేదు; అయితే ఒక్క గది కూడా పెరగలేదు. అదనపు గదులు అడిగితే ఆవరణలో చోటు లేదన్నారు. పైన వేయమంటే పునాది చాలదేమో అన్నారు. లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం చూపిస్తే అది పార్కుకు కేటాయించినదన్నారు. మేము ఎవరిని, ఏ కాగితంతో, ఏ క్రమంలో అడగాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పుత్తూరు

అయ్యా, మీరు గదుల గురించి అడిగారు గాని, నేను చూసినంతవరకు ఇలాంటి పనులు ఆగిపోయేది పిల్లల సంఖ్య దగ్గరే. మంజూరు ఎప్పుడూ బడిలో నమోదైన పిల్లలను బట్టి వస్తుంది. చోటు లేదని వెనక్కి వెళ్లిన పిల్లలు, వరండా చదువు చూసి అప్పు చేసైనా ప్రైవేటు బడిలో చేర్పించిన కుటుంబాల పిల్లలు ఆ రిజిస్టరులో ఉండరు. గదులు లేవు కనుక పిల్లలు రారు, పిల్లలు రారు కనుక గదులు రావు. పాత ఊళ్లో దీనివల్ల పెద్ద తేడా ఉండదు. ఏటా కొత్త వీధి పుట్టే శివారులో మాత్రం బడి ఎప్పటికీ జనం వెనకే నడుస్తుంది. 2011 జనగణనలో తిరుపతి నగరం 2.87 లక్షలు కాగా, చుట్టుపక్కల ఊళ్లను కలుపుకున్న పట్టణ సముదాయం సుమారు 4.6 లక్షలు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు కనుక, ఆ తరువాత పెరిగిన కాలనీలు ఆ లెక్కలో కనిపించవు.

దీన్ని దాటడానికి చట్టంలోనే ఒక దారి ఉంది, దాన్ని వాడుకునేవారు తక్కువ. 2009 విద్యాహక్కు చట్టం 22వ సెక్షను కింద పాఠశాల యాజమాన్య కమిటీ, అంటే మీరే, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. కేంద్ర నియమాల ప్రకారం అది మూడేళ్ల ప్రణాళిక. అందులో రాబోయే ఒక్కొక్క ఏడాదికి తరగతుల వారీగా ఎంతమంది చేరవచ్చో అంచనా వేసి, దానికి తగిన ఉపాధ్యాయులను, గదులను, ఖర్చును చూపించాలి. ఉన్న సంఖ్యనే కాక రాబోయే సంఖ్యను కూడా రాసే హక్కు మీకు ఉందన్నమాట. చాలాచోట్ల పోయిన ఏటి ప్రణాళికకే తేదీ మార్చి సంతకాలు పెడతారు. (నేనూ రెండేళ్లు అలాగే పెట్టించాను, దాచడం దేనికి?)

అంచనాకు ఆధారం అంగన్‌వాడీ రిజిస్టర్లు. మీ బడికి కిలోమీటరు లోపల ఉన్న కేంద్రాలలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పేర్లు వీధుల వారీగా ఉంటాయి. వాళ్లే మీ రాబోయే మూడేళ్ల ఒకటో తరగతి. దానికి గ్రామ సచివాలయం దగ్గర ఉండే కుటుంబాల వివరాలను జోడించి పంచాయతీ తీర్మానం చేయించండి. చట్టం షెడ్యూలు ప్రకారం ఒక్కొక్క ఉపాధ్యాయుడికి కనీసం ఒక తరగతి గది ఉండాలి. రెండు వందలు దాటిన ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిని మినహాయించి నలభై మందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉండాలి. ఈ రెండింటినీ కలిపి చదివితే మీ బడికి ఇప్పటికే ఆరు గదులు రావాలి. అర్జీలో ఈ లెక్క మొదటి పేజీలో ఉంటే దాన్ని పక్కన పెట్టడం కష్టమవుతుంది. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే ప్రణాళిక సిద్ధం కావాలి కనుక, ఈ పని దసరా సెలవులలోగా మొదలుపెట్టండి.

జవాబు 2: సివిల్ ఇంజనీరు, రేణిగుంట

మాస్టారి మాటతో ఏకీభవిస్తూ, పునాది గురించి నాకు తెలిసింది చెబుతాను. "చాలదేమో" అన్నది ఇంజనీరు చెప్పవలసిన జవాబు కాదు. చాలుతుందో లేదో తేల్చి రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. పాత గదులు గోడల మీదే స్లాబు ఆనిన కట్టడాలైతే పై అంతస్తు ఆలోచన మానుకోవడమే మంచిది. స్తంభాలు ఉన్నవైతే, ఒక మూల గొయ్యి తీసి పునాది లోతును, వెడల్పును చూడవచ్చు. రీబౌండ్ హ్యామర్ పరీక్షతో కాంక్రీటు ఏ స్థితిలో ఉందో స్థూలంగా తెలుస్తుంది. ఇంజనీరింగ్ కళాశాలల సివిల్ విభాగాలు ఇటువంటి పరీక్షలు చేస్తుంటాయి. పై అంతస్తు వేసినా రెండో మెట్ల దారి లేకుండా మాత్రం ఒప్పుకోవద్దు. 2004లో తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో 94 మంది పిల్లలు మంటల్లో చనిపోయిన బడిలో ఇరుకు మెట్లు కూడా ఒక కారణం.

ఇక స్థలం. లేఅవుట్‌లోని పార్కు విషయంలో అధికారులు చెప్పినది సరైనదే. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి పొందిన లేఅవుట్‌లలో కనీసం పది శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు రాసి ఇస్తారు. పార్కుగా చూపిన స్థలాన్ని మరో అవసరానికి మళ్లించడం కుదరదని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు కేసులో తీర్పు ఇచ్చింది. బడి ఎంత మంచి పనైనా ఆ స్థలం జోలికి పోతే కోర్టు దగ్గర ఆగిపోతుంది. అసలు లోపం అంతకుముందే జరిగింది. 5,000 జనాభాకు ఒక ప్రాథమిక పాఠశాల, దానికి 0.40 హెక్టారు, అంటే దాదాపు ఎకరం ఉండాలని 2014 నాటి కేంద్ర పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒక్కొక్క లేఅవుట్ విడిగా చూస్తే చిన్నదే కనుక ఎవరూ బడికి స్థలం వదలరు. పది లేఅవుట్లు కలిసేసరికి అయిదు వేల జనాభా అవుతుంది, అప్పటికి ఎకరం మిగలదు. అనధికార లేఅవుట్లను క్రమబద్ధీకరించేటప్పుడు వదలని ఖాళీ స్థలానికి బదులుగా రుసుము కట్టించుకుంటారు. ఆ రుసుముతో పిల్లలు ఆడుకోలేరు కదా.

కనుక తహసీల్దారు కార్యాలయంలో మీ గ్రామ ప్రభుత్వ భూముల వివరాలు అడగండి. చెరువు, వాగు పొరంబోకులను మొదటే కొట్టివేయండి. 2021 నవంబరు వరదల్లో శివారు కాలనీలు ఎలా మునిగాయో మనం చూశాం. దాత ఎవరైనా ముందుకు వస్తే, ఆ భూమి డీకేటీ పట్టాదా (అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన అసైన్డు భూమా), రిజిస్ట్రేషన్లు కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అని చూసుకున్న తరువాతే శిలాఫలకం గురించి మాట్లాడండి. 1977 చట్టం కింద అసైన్డు భూముల బదిలీపై నిషేధం ఉంది, తరువాతి సడలింపులు అన్ని భూములకూ వర్తించవు.

జవాబు 3: ఇద్దరు పిల్లల తల్లి, చిత్తూరు

పెద్దలు చెప్పినవన్నీ సరైనవే, కానీ గదులు వచ్చినంత మాత్రాన బడి నిలుస్తుందని అనుకోవద్దు. మా కాలనీలో గదులు వచ్చాయి, ఉపాధ్యాయులు రాలేదు. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలకు తరలించారు. పిల్లలు పెద్ద రోడ్డు దాటవలసి రావడంతో కొందరిని తల్లులు ప్రైవేటు బడికి మార్చారు. 2025లో ఆ జీవో రద్దయి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు వచ్చాయి. వెళ్లిన పిల్లలు మాత్రం అందరూ వెనక్కి రాలేదు. మీ ప్రణాళికలో గదులతోపాటు ఉపాధ్యాయ పోస్టులను కూడా అదే పేజీలో అడగండి, అన్నా.

నిర్వహణ డబ్బును కూడా మరువకండి. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఏటా ఇచ్చే పాఠశాల గ్రాంటు 101 నుంచి 250 మంది పిల్లల వరకు 50 వేల రూపాయలు, 251 నుంచి వెయ్యి మంది వరకు 75 వేలు. 260 మంది ఉన్న బడికీ, 900 మంది ఉన్న బడికీ ఒకటే మొత్తం. పిల్లలు పెరిగే కొద్దీ మోటారు, కుళాయిలు, మరుగుదొడ్ల ఖర్చు ఎలా పెరుగుతుందో కమిటీలో కూర్చున్న ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. మేము ఇంతకాలం ఎమ్మెల్యే గారికి ఇచ్చిన అర్జీల్లో "గదులు కావాలి" అని తప్ప ఎన్ని గదులో, ఏ లెక్క ప్రకారమో ఎన్నడూ రాయలేదు. నిన్న ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడాను. పోయిన ఏటి ప్రణాళిక తీసి చూస్తే అందులో అంచనా గడి ఖాళీగా ఉంది. శనివారం నేనూ, కమిటీలోని ఇద్దరు తల్లులూ మూడు అంగన్‌వాడీ కేంద్రాలకు వెళుతున్నాం. పునాది పరీక్ష కోరుతూ రాసే లేఖ ఇంజనీరు గారి మాటల ఆధారంగా సిద్ధమవుతోంది. ఒక్క సందేహం మిగిలింది మాస్టారూ: అపార్ట్‌మెంట్ల కాపలాదారుల పిల్లల్లో చాలామంది పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవారు, వాళ్లకు ఇక్కడి చిరునామా కాగితాలు లేవు. వాళ్లను అంచనాలో చేర్చవచ్చా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పుత్తూరు

తప్పక చేర్చండి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ పిల్లకూ ప్రవేశం నిరాకరించకూడదని అదే చట్టం 14వ సెక్షను చెబుతోంది, చిరునామా కాగితం లేదన్న సాకూ చెల్లదు. ఆ పిల్లల పేర్లు, ఉంటున్న భవనం పేరు వేరే కాగితం మీద రాసి జతపరచండి. అంచనా వేసి ఊరుకోకుండా, వాళ్లను ఈ సోమవారమే బడిలో చేర్పించండి.