మహాబలిపురం: చెన్నై నుంచి ఒక పూట చాలా, ఒక రాత్రి ఉండాలా?

అలల_అంచు:
హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలతో వెళ్తున్నాం. మహాబలిపురంలో రైల్వే స్టేషన్ లేదు. చెన్నైలో దిగి, సముద్రం వెంట వెళ్లే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద కారులో ఓ పూట వెళ్లొస్తే చాలని నేనంటున్నా. రాత్రి ఉండాల్సిందే అని మా అన్నయ్య పట్టు. మీరేమంటారు?

చక్రాలపిచ్చి:
ఒక పూట బోలెడు. చెన్నై నుంచి అరవై కిలోమీటర్ల లోపే. సముద్రతీర ఆలయం, పంచరథాలు, కొండవాలున ఆగిన ఆ గుండ్రాయి దగ్గర ఫొటో. మూడు గంటల్లో అయిపోతుంది. గది ఖర్చు దండగ.

రాతిగీత:
చూశాం అనిపించుకోవడానికైతే చాలండి. నేనూ మొదటిసారి ప్యాకేజీ బస్సులో వెళ్లి పదకొండున్నరకి దిగాను. పంచరథాల దగ్గర ఇసుక కాలిపోతోంది. మా అమ్మ నీడ వెతుక్కుని కూర్చుంది, రథాల వైపు చూడనే లేదు. ఒక్కొక్కటీ ఒకే బండలోంచి తొలిచినవి, పదమూడు వందల ఏళ్ల కిందటివి!

రెండోసారి రాత్రి అక్కడే ఉండి పొద్దున్నే ఏడింటికి అర్జునుడి తపస్సు శిల్పం దగ్గరికి వెళ్లా. రోడ్డు పక్కనే, టికెట్ లేదు. అది తూర్పుముఖం, లేత ఎండ పడితేనే గీతలు తేలతాయి. అప్పుడు కనపడింది, ఆ శిల్పంలో ఓ పిల్లి. వెనక కాళ్ల మీద నిలబడి, చేతులెత్తి ఘోర తపస్సు! ఎలుకలేమో దాన్ని నమ్మి కాళ్ల దగ్గర చేరాయి. దొంగజపం అంటే అదీ. కాస్త పక్కన ఓ జింక వెనక కాలితో మూతి గోక్కుంటోంది.

చక్రాలపిచ్చి:
పిల్లి కోసం హోటల్లో గది తీసుకోవాలా! సరే, నేను దాన్ని చూడలేదు, ఒప్పుకుంటా. కానీ చెన్నైలో ఐదింటికే బయల్దేరితే ఏడుకల్లా అక్కడుంటారు కదా?

రాతిగీత:
పెద్దవాళ్లని నాలుగింటికి లేపి చూడండి, తెలుస్తుంది.

పట్టాలమీద:
అసలు చెన్నైలో దిగడం దేనికి? కాచిగూడ నుంచి చెంగల్పట్టుకే నేరుగా ఎక్స్‌ప్రెస్ ఉంది. అక్కణ్నుంచి రోడ్డు మీద 30 కిలోమీటర్లు. బస్సు మీద 'మామల్లపురం' అని ఉంటుంది, మహాబలిపురం అని వెతుక్కుంటూ నిలబడకండి. మామల్లుడంటే పల్లవ రాజు మొదటి నరసింహవర్మ. ఇంకోటి, తీర ఆలయానికీ రథాలకీ ఒకటే టికెట్, ఆ రోజుకే పనికొస్తుంది. పారేయొద్దు.

అలల_అంచు:
అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆ ఇసుక సంగతి నాకు తట్టలేదు. చెంగల్పట్టు రైలుకే చూస్తున్నా, రాత్రికి గది కూడా. అన్నయ్యకి మాత్రం పిల్లి కోసమని చెప్తా.