ఉప్పునీళ్లంటే మన దగ్గర బోరు నీళ్లు కదా, మరి పగడాల తొట్టిని ఏమనాలి?

నల్లగొండ నుంచి ప్రశ్న:
భాషా సమూహం సభ్యులకు నమస్కారం. సముద్రపు చేపలు, పగడాలు పెంచే గాజు తొట్టిని తెలుగులో "ఉప్పునీటి అక్వేరియం" అని రాస్తున్నారు. మన వైపు ఉప్పునీళ్లంటే బోరు నీళ్లు. మంచినీళ్ల బిందె వేరు, ఉప్పునీళ్ల బిందె వేరు. ఈ పేరుతో తికమక వస్తోంది. వేరే మాట ఉందా? ట్యాంకు "సైకిల్ కావడం" అనేదానికి కూడా తెలుగు కావాలి. ఇంకొకటి, దీనిమీద జనానికి అంత ఇష్టమెందుకో చెప్పాల్సి వస్తే "అభిరుచి" అనే మాట చప్పగా ఉంది.

మిర్యాలగూడ:
అన్నా, ఇది ఉత్త పేరు పంచాయితీ కాదు. ఉప్పునీళ్ల చేప అంటే బోరు నీళ్లు పోస్తే బతుకుతదనుకునేటోళ్లు నిజంగనే ఉన్నరు. లెక్క చూడుండ్రి. బోరుల టీడీఎస్ (నీళ్లల్ల కరిగున్న లవణాల లెక్క) లీటరుకు 1500 మిల్లీగ్రాములుంటేనే నోట్లె పోసుకోలేం. తాగే నీళ్లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన ఆఖరి హద్దు 2000. సముద్రపు నీళ్లల్ల 35,000 ఉంటది. మన ఉప్పునీళ్లు సముద్రం చేపకు సప్ప నీళ్లే. "సముద్రపు నీళ్ల తొట్టి" అంటే ఎవ్వరికీ అనుమానం రాదు. గోలెం, హౌజు అనకుండ్రి, అవి పశువులకు, వాడకానికి.

దేవరకొండ:
తొట్టి పేరు సరే. ఫ్లోరైడ్ సంగతేంటి? మా బోర్లలో అదే పెద్ద తలనొప్పి. పగడాలు చచ్చిపోవా?

మిర్యాలగూడ:
అందరూ ముందు అడిగేది గదే. సముద్రంలనే ఫ్లోరైడ్ లీటరుకు దగ్గర దగ్గర 1.3 మిల్లీగ్రాములుంటది. తాగే నీళ్ల హద్దు 1.5. కాబట్టి పగడానికి అది కొత్త సరుకేం కాదు. బోరు నీళ్లతోని అసలు గండం నైట్రేట్, సిలికా, ఇత్తడి కాక్‌ల నుంచి దిగే రాగి. రాగి కొంచమే ఉన్నా రొయ్యలు, నత్తలు, పగడాలు పోతయి. అందుకే ఆర్వో తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గూడ పెట్టి, టీడీఎస్ మీటరు సున్నా చూపినంకనే ఉప్పు కలపాలె. మన నీళ్ల గట్టిదనానికి ఆర్వో మెంబ్రేన్ (వడపోత పొర) జల్ది మూసుకపోతది, ముందల సాఫ్ట్‌నర్ పెడితే నాలుగు కాలాలు ఉంటది. ఆర్వో వదిలేసే నీళ్లు గిన్నెలకు, బాత్రూంకు వాడుకోవచ్చు.

ఇంకో మాట. సూర్యలంక బీచ్ పోయినోళ్లు క్యాన్లల్ల సముద్రం నీళ్లు తెస్తున్నరు. కృష్ణ ఒండ్రు కలిసే ఆ తీరంల పగడపు దిబ్బలే ఉండవు. బురద, ఎరువుల మందులు, నది నీళ్లు కలిసి పల్చబడ్డ ఉప్పు, అన్నీ దాంట్లనే వస్తయి. తొట్టి కోసమే తయారుచేసి అమ్మే సింథటిక్ సముద్రపు ఉప్పే మేలు. వంట ఉప్పు మాత్రం పనికిరాదు, దాంట్ల మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేటు ఏవి?

నల్లగొండ:
ఎంత కలపాలి?

మిర్యాలగూడ:
100 లీటర్లకు 3.6 నుంచి 3.8 కిలోలు, బ్రాండును బట్టి. నీళ్లల్ల ఉప్పు పోయాలె గానీ ఉప్పు మీద నీళ్లు పోయొద్దు. అట్ల పోస్తే అడుగున చిక్కటి ద్రావణమై కాల్షియం తెల్లగ సున్నం లెక్క విడిపోతది, మళ్ల కరగదు. పంపు పెట్టి తిప్పి, సాంద్రత 1.025–1.026 వచ్చిందాకా చూసుకోవాలె. రిఫ్రాక్టోమీటరును (ఉప్పు కొలిచే పరికరం) 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) ద్రావణంతోనే సరిచేయాలె. ఉత్త ఆర్వో నీళ్లతోని సున్నా చేస్తే పైన 35 కాడ తప్పు చూపియ్యొచ్చు.

సూర్యాపేట:
"సైకిల్" సంగతి నేను చెప్తా. "మాగడం" అనండి. పచ్చి పెంట చేనుకు తోలితే మొక్క మాడుతుంది, కారణం అమ్మోనియా. కుప్పవేసి మాగనిచ్చాకే తోలతారు. తొట్టిలో జరిగేదీ ఆ సూక్ష్మజీవుల పనే. అమ్మోనియాను నైట్రైట్ చేస్తాయి, దాన్ని నైట్రేట్ చేస్తాయి. రైతు ఇంటి మనిషికి ఈ ఒక్క మాట చెబితే మిగతాది తనే అల్లుకుంటాడు.

పద్ధతి ఇదీ. రాళ్లు, ఉప్పునీళ్లు (సముద్రపువే లెండి!), 26 డిగ్రీలు. అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎంకు (పది లక్షలకు 2 పాళ్లు) తేవాలి. లైట్లు ఆర్పి ఉంచాలి, లేకపోతే పాచి ముందు దిగుతుంది. రెండు మూడు రోజులకోసారి టెస్ట్ కిట్‌తో చూస్తుండాలి. వేసిన 2 పీపీఎం 24 గంటల్లో సున్నా అయ్యి, నైట్రైట్ కూడా సున్నా అయిందంటే మాగినట్టు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ తర్వాత గోధుమరంగు దుమ్ములాంటి పాచి అద్దానికి, ఇసుకకు పడుతుంది. డయాటమ్‌లు అవి. సిలికా అయిపోతే వాటంతట అవే పోతాయి. మందులు పోసి పాడుచేసుకోవద్దు.

పాలమూరు:
మాగడం మస్తు కుదిరింది సార్. ఇంక మా ఎండల సంగతి. ఆవిరైన నీళ్ల జాగల మళ్ల పోసే నీళ్లకు "టాపప్" అంటున్నరు, "తరుగు పోసుడు" అంటే సరిపోతది. ఈ తరుగుకాడనే ఎక్కువమంది దెబ్బతింటరు. నీళ్లు ఆవిరైతయి, ఉప్పు కాదు. 200 లీటర్ల తొట్టిల ఫ్యాన్ పెడితే ఎండాకాలం దినాం నాలుగు లీటర్లు పోవుడు మామూలే. దాని జాగల ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే దినానికి 140 గ్రాముల ఉప్పు ఎక్కువ పడ్తది. పది రోజులల్ల 35 కాస్తా 42 అయితది. తరుగుకు ఉప్పు కలపని ఆర్వో-డీఐ నీళ్లే.

ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు దించుతది గానీ వానకాలం గాలిల తడి ఎక్కువై దాని పని తగ్గుతది. 43 డిగ్రీల ఎండల చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకుంటే నమ్మకం లేదు. అది వదిలే వేడి బయటికి పోయే దారి గూడ ఉండాలె. లేకుంటే ఒకదిక్కు చల్లబరిచి ఇంకోదిక్కు అదే అర్ర కాగబెట్టినట్టు. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ముందు అందుకోవాలె. వెచ్చటి నీళ్లల్ల ప్రాణవాయువే తక్కువుంటది.

వనపర్తి:
భాషా సమూహం కాబట్టి పగడం మాట కూడా చూద్దాం. ప్రవాళానికి వికృతి పగడం. సంస్కృతంలో ప్రవాళమంటే చిగురు కూడా. విద్రుమం అనే పర్యాయపదంలోనూ ద్రుమం, అంటే చెట్టు ఉంది. పాతవాళ్లు దీన్ని సముద్రంలో మొలిచే చెట్టనుకున్నారు. నిజానికి జంతువు. అయితే దిబ్బలు కట్టే పగడాల కణాల్లో నాచు కాపురముంటుంది, వాటికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం అదే ఇస్తుంది. నీళ్లు వేడెక్కితే నాచును బయటికి నెట్టేసి పగడం తెల్లబడుతుంది.

ఉంగరంలో కుజుడికి పెట్టుకునే ఎర్ర పగడం వేరే జాతి. మధ్యధరా సముద్రంలో వెలుతురు తక్కువున్న చోట పెరుగుతుంది, దానిలో నాచు ఉండదు. "పగడాల తొట్టి" అంటే నగల పెట్టె అనుకునే ప్రమాదం ఉంది గానీ, నాకు ఆ పేరే నచ్చింది. బడి పుస్తకాల "ప్రవాళ భిత్తిక" (పగడపు దిబ్బ) నోరు తిరగదు.

చట్టం గురించి ఒక ముక్క. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, సముద్రపు గుర్రాలకూ ఆ చట్టం రక్షణ ఉంది. మన సముద్రాల నుంచి తీసినవి కొనడం నేరం. ఏది కొన్నా కాగితాలు అడగాలి.

నల్లగొండ:
"ఫ్రాగ్" అని పగడపు ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటారే, వాటిని?

సూర్యాపేట:
"ముచ్చె". చెరకు ముచ్చె నాటినట్టే. తల్లి కొమ్మ ఏదో ముచ్చె అదే, విత్తనం కాదు. పగడాలకు చుట్టమైన జోవాంథస్ అనే జీవిని కోసేటప్పుడు చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని వేడినీళ్లలో ఉడికిస్తే ఆ ఆవిరి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రికి పంపుతుంది.

పాలమూరు:
ఇష్టానికి మాట అడిగిండ్రు. "షౌక్" అనుండ్రి. పావురాల షౌక్, పుంజుల షౌక్ అన్న తావులనే ఇదీ కూసుంటది. మామూలు తొట్టిల మనిషి చేపనే చూస్తడు. దీంట్ల చూసేటివి వేరే. పిస్టల్ రొయ్యకు కండ్లు సరిగ కనవడవు. ఇసుకల బొరియ తవ్వుతుంటది, ఒక మీసం మాత్రం గోబీ చేప మీద ఆనిచ్చే ఉంచుతది. గోబీ తోక చిన్నగ ఆడించిందా, రొయ్య లోపలికి. ఆ బొరియల ఇద్దరూ ఉంటరు, తవ్వుడు ఒకరిది, కాపలా ఒకరిది. లైట్లు ఆరిపినంక ఎర్ర టార్చి కొడితే పగలు ముడుచుకున్న పగడం మీసాలన్నీ చాపుకొని మేతకు కూసుంటది. గిది చూసినోడు టీవీ దిక్కు పోతడా?

మిర్యాలగూడ:
దానికి తోడు లెక్కల ఇష్టం ఉంటది. ఆల్కలినిటీ (నీళ్ల క్షారత, డీకేహెచ్ దాని కొలత) 8 డీకేహెచ్ కాడ నిలవెట్టి, దినాం ఎంత తగ్గుతదో రాసుకునేటోళ్లు ఉంటరు. అది 2.8 తగ్గితే కాల్షియం 20 పీపీఎం తగ్గాలె, ఆ రెండూ పగడం అస్థిపంజరంల పడినట్టు. తరుగుదల పెరిగిందంటే పగడం పెరుగుతున్నట్టే. ఒక్కపాలి ఆగిపోతే ఏదో తేడా కొట్టినట్టు, కంటికి కనపడకముందే కాయితం చెప్తది. తొందరపడి ఒక్కరోజే 7 నుంచి 10కి లేపితే కొసలు కాలినట్టు తెల్లబడ్తయి.

దేవరకొండ:
షౌక్ కాదు, "యావ" అనాలి. చిల్లర్ కరెంటు బిల్లు చూశాక ఇంట్లోవాళ్లు అనే మాట అదే.

వనపర్తి:
రెండూ రాసుకోండి. కట్టేవాడికి షౌక్, చూసేవాళ్లకు యావ.

నల్లగొండ:
మాగడం, తరుగు, ముచ్చె తీసుకున్నాను. ప్రోటీన్ స్కిమ్మర్ మిగిలింది.

సూర్యాపేట:
"నురుగు గిన్నె" చాలు. బుడగలకు అంటుకున్న మాలిన్యం నురుగై పైనున్న గిన్నెలో చేరుతుంది. నురుగు మరీ నీళ్లగా వస్తే లోపలి నీటిమట్టం తగ్గించాలి, ముదురు టీ రంగులో రావాలి. రాళ్లకు ఎపాక్సీ (అతికించే జిగురు) పెట్టిన రోజు మాత్రం గిన్నె పొంగి నేల మీద పడుతుంది. ఆ ఒక్కరోజూ గాలి గొట్టం మూసి ఉంచండి.