మైనస్ 35 డిగ్రీల చలిలో స్నోమొబైల్ స్టార్ట్ చేయడం ఎలా?

ప్రశ్న (మారతహళ్లి నుంచి):
అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉంటున్న మా తమ్ముడు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న పాత టూ స్ట్రోక్ స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే బండి, కొన్నాడు. మైనస్ 35 డిగ్రీల్లో చోక్ వేసి, యాక్సిలరేటర్ నొక్కుతూ తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజిన్ అందుకోవడం లేదట. బెంగళూరు డిసెంబరు చలికే స్వెటర్ వెతుక్కునే నాకు ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు (జయనగర్, మెకానిక్):
పొరపాటు యాక్సిలరేటర్ దగ్గరే ఉందండీ. అలాంటి చాలా కార్బురేటర్లలో చోక్ అంటే అదనపు పెట్రోలును లాగే చిన్న దారి; థ్రాటిల్ (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే గాలి దారి) పూర్తిగా మూసి ఉన్నప్పుడు ఏర్పడే బలమైన పీల్పు వల్లనే అది పనిచేస్తుంది కనుక, యాక్సిలరేటర్ నొక్కితే ఆ పెట్రోలు తగ్గిపోతుంది. అంత చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి ఆ అదనపు మోతాదు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఇంజిన్ త్వరగా అందుకోవడానికి వాడే ఈథర్ స్ప్రే కొట్టవచ్చునా?

జవాబు (వైట్‌ఫీల్డ్, గతంలో కెనడా):
వద్దండీ. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు ఆయిల్ పెట్రోలుతో పాటే లోపలికి అందుతుంది, ఈథర్‌లో ఆ జిడ్డు ఉండదు. దానికి బదులు తడిసిన స్పార్క్ ప్లగ్గులను విప్పి, ఇంట్లో ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే బిగించమనండి. స్టార్ట్ అయ్యాక వెంటనే బయలుదేరవద్దు. ట్రాక్ (బండి కింద తిరిగే రబ్బరు పట్టా) మంచుకు అతుక్కుని ఉంటే, ఇంజిన్ శక్తిని దానికి అందించే బెల్టు జారి కాలిపోతుంది, నాది ఒకసారి అలాగే పోయింది.