ఉత్తర అంటారియోలో తొలి చేపల వేట: విమానం ఎక్కకుండా, తక్కువ ఖర్చుతో వెళ్లే దారి ఉందా?

ప్రశ్న (బ్రాంప్టన్ నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో మా నాన్నగారు కోనసీమ నుంచి మా దగ్గరికి వస్తున్నారు. ఆయనకు 67 ఏళ్లు. పి.గన్నవరం ప్రాంతంలో కాలువ గట్ల మీద, గోదావరి పాయల్లో చిన్నతనం నుంచీ గాలం వేసిన మనిషి. బెండు మునిగిన తీరు చూసి ఎర పట్టింది జెల్లో కొర్రమీనో చెప్పగలరు. ఆయనను ఒక్కసారైనా ఉత్తర అంటారియోలో మనుషుల అలికిడి లేని సరస్సు మీదికి తీసుకువెళ్లాలని నా కోరిక. ఆయనతో పాటు నేను, ఇద్దరు మిత్రులు వస్తాము. ఆ ఇద్దరిలో ఒకరు కెనడాకు వచ్చి అప్పటికి నాలుగు నెలలే అవుతుంది. మాలో ఎవరికీ అంత ఉత్తరాన వేటాడిన అనుభవం లేదు.

నీటి మీద దిగే చిన్న విమానంలో తీసుకువెళ్లే ఒక విడిదిని విచారించాము. మనిషికి వెయ్యి డాలర్లు దాటిన ఆ ధర మా వల్ల అయ్యేది కాదు. అందువల్ల విమానం లేకుండా అలాంటి ఏకాంతం దొరికే చోటు ఉందా, ఏ నెలలో వెళ్లాలి, లైసెన్సులు ఎవరెవరికి కావాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవచ్చు అనే విషయాలు అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి జవాబు (సడ్‌బరీ నుంచి)

మీ నాన్నగారి కోసం ఇంత ఆలోచిస్తున్నందుకు ముందుగా అభినందనలు. తొలి ప్రయాణానికి విమానం అవసరం లేదన్నది నా గట్టి అభిప్రాయం. సడ్‌బరీ నుంచి టిమ్మిన్స్ వెళ్లే 144వ నంబరు రహదారి దాదాపు 300 కిలోమీటర్ల పొడవునా అడవిలోనే సాగుతుంది. ఆ దారి నుంచి చీలే మట్టిరోడ్ల చివర, గొగామా చుట్టుపక్కల, ఇంకా పడమరగా షాప్లో వైపు, మనమే వండుకు తినే చిన్న చెక్క ఇళ్లు అద్దెకు దొరుకుతాయి. పడవ, మోటారు కూడా అద్దెలో కలిసి వచ్చే ఇంటినే వెతకండి. పడవకు విడిగా అద్దె కట్టడం మొదలుపెడితే లెక్క తేలికగా చెయ్యి దాటిపోతుంది. నలుగురూ ఒకే ఇంట్లో ఉండి, బియ్యం, పప్పు, పచ్చళ్లు ఇంటి నుంచే తీసుకువెళితే మిగిలే పెద్ద ఖర్చు పెట్రోలు ఒక్కటే.

కెనడాలో మోటారు పడవ నడిపేవారి దగ్గర అర్హత రుజువు ఉండాలి. అద్దె పడవ విషయంలో యజమాని భద్రతా నియమాలన్నీ వివరించి, మీతో సంతకం చేయించి ఇచ్చే పత్రం ఆ అద్దె కాలానికి రుజువుగా చెల్లుతుంది. ఆ పత్రాన్ని మొక్కుబడిగా సంతకం పెట్టి జేబులో పెట్టుకోకండి. మోటారు ఆపడం, తిరిగి ఒడ్డుకు చేరే దారి, నీటిలో రాళ్లు ఉన్న చోట్లు అన్నీ ఒకటికి రెండుసార్లు అడగండి. నీరు వేసవిలో కూడా చల్లగానే ఉంటుంది కనుక నాన్నగారు ఎంత ఈతగాడైనా లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండవలసిందే.

డబ్బు పెట్టవలసిన వస్తువు ఒకటుంది: ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం. ఆ అడవుల్లో ఫోను పనిచేయదు. పరికరం కొనలేకపోతే అద్దెకైనా తెచ్చుకోండి. ఇంకొక మాట, చీకటి పడ్డాక ఆ రహదారుల మీద కారు నడపకండి. దుప్పి కంటే ఎన్నో రెట్లు పెద్దదైన మూస్ దారికి అడ్డం వస్తే దాని ఒంటి రంగు వల్ల చీకట్లో దగ్గరికి వచ్చేదాకా కనబడదు.

రెండవ జవాబు (మిస్సిసాగా నుంచి)

ఏ నెలలో వెళ్లాలన్న ప్రశ్నకు నేను నష్టపోయి నేర్చుకున్న జవాబు చెబుతాను. ఉత్తరాన చాలా ప్రాంతాల్లో వాలై అనే మంచినీటి చేపల వేట మే నెల మూడవ శనివారం మొదలవుతుంది. చేప బాగా పడే రోజులని అందరూ చెబితే మేము జూన్ రెండవ వారంలో వెళ్లాము. చేపలు పడిన మాట నిజమే, కానీ అక్కడి నల్ల ఈగల గురించి మాకు ఎవరూ చెప్పలేదు. అవి కుట్టినట్టు ఆ క్షణంలో తెలియదు. చెవి వెనుక తడిగా అనిపించి తుడుచుకుంటే వేళ్లకు రక్తం అంటింది. మరునాటికి మా అబ్బాయి కనురెప్ప వాచి కన్ను మూసుకుపోయింది. ఐదు రోజులు అనుకున్నవాళ్లం మూడవ రోజే తిరిగి వచ్చాము.

పెద్దాయనతో వెళ్లేవారు ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు ఉన్న రోజులను ఎంచుకోవడం మేలు. అప్పటికి ఈగల, దోమల బెడద చాలావరకు తగ్గుతుంది. రాత్రుళ్లు చలి వేస్తుంది కనుక ఉన్ని బట్టలు, పైన వేసుకునే వానకోటు తప్పనిసరి.

ఇక వేట సంగతి. వాలై కంటి వెనుక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. అందుకే మసక వెలుతురులో కూడా దానికి చూపు బాగా ఆనుతుంది, పొద్దు వాలే వేళ, తెల్లవారుజామున మేతకు కదులుతుంది. మన వాలుగ పేరుకు దగ్గరగా వినిపించినా ఈ రెంటికీ చుట్టరికం లేదు. కొత్త గాలాలు, ఖరీదైన కృత్రిమ ఎరలు పెట్టెల కొద్దీ కొనకండి. కొన్ని జిగ్గులు (సీసపు తల ఉన్న కొక్కేలు), కొన్ని మామూలు కొక్కేలు, పైక్ చేప పళ్లకు దారం తెగకుండా రెండు మూడు ఉక్కు తీగలు చాలు. అన్నిటికంటే ముందు నాన్నగారి బెండును తీసుకువెళ్లండి. నీటిలో మునిగి ఉన్న రాతి గుట్ట పక్కన, అడుగుకు ఒక జానెడు పైన ఎర్ర (వానపాము) వేలాడేలా, దారం మీద జారే బెండును సరిచేసి సాయంత్రం పూట వదిలితే అది ఇక్కడివారు కూడా నమ్ముకునే పద్ధతే. ఆ పని మీకంటే ఆయనకే బాగా వచ్చు, మీరు పడవ తిన్నగా నిలిపితే చాలు.

ఎర విషయంలో ఒక జాగ్రత్త. బతికున్న ఎర చేపలను, జలగలను ప్రభుత్వం విభజించిన ఒక ఎర మండలం నుంచి మరొక మండలానికి తీసుకుపోవడం మీద 2022 నుంచి కట్టుబాట్లు ఉన్నాయి, కనుక వాటిని టొరొంటో వైపు కొని మోసుకెళ్లవద్దు. ఎర్రలు మిగిలితే డబ్బాను నీటిలో గానీ, నీటికి 30 మీటర్ల లోపు గానీ ఒలకబోయకూడదు. హిమయుగం తరువాత ఆ అడవుల్లో సొంత వానపాములు లేవు. మనం వదిలినవి అక్కడి నేల మీది ఆకుల పొరను తినేస్తాయి.

మూడవ జవాబు (టిమ్మిన్స్ నుంచి)

లైసెన్సుల సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, చాలామంది పొరబడేది అక్కడే. 65 ఏళ్లు దాటినవారికి లైసెన్సు అక్కరలేదన్న మినహాయింపు కెనడాలో నివసించేవారికి మాత్రమే. చూడడానికి వచ్చిన మీ నాన్నగారు ప్రవాసి (ఇక్కడి నివాసి కానివారు) కిందికి వస్తారు కనుక ఆయనకు లైసెన్సు కావాలి. ఆయనకు 8 రోజుల లైసెన్సు సరిపోతుంది. అంటారియో నివాసి అనిపించుకోవాలంటే గడిచిన పన్నెండు నెలల్లో వరుసగా ఆరు నెలలు ఇక్కడ ఉండాలి కాబట్టి, నాలుగు నెలల క్రితం వచ్చిన మీ మిత్రుడు కూడా ప్రవాసి ధరే కట్టాలి. మీకు, మరొక మిత్రునికి అవుట్‌డోర్స్ కార్డు (వేటగాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు), దానితో పాటు ఏడాది లైసెన్సు తీసుకోండి. చౌకగా దొరికే, తక్కువ చేపలనే ఉంచుకోనిచ్చే కన్సర్వేషన్ లైసెన్సుతో చాలా చేపల వేట మండలాల్లో ఒక్కొక్కరు రెండు వాలైలు ఉంచుకోవచ్చు. మీ అవసరానికి అది చాలు.

డేరా వేసుకుందామన్న ఆలోచన ఉంటే అక్కడా ఇదే తేడా. ప్రభుత్వ భూమిలో కెనడా నివాసులు ఒకే చోట 21 రోజుల వరకు ఉచితంగా ఉండవచ్చు, కానీ ప్రవాసులు ఉత్తరాన అనుమతి పత్రం కొనాలి. మీ నలుగురిలో ఇద్దరు ప్రవాసులు కనుక చెక్క ఇల్లే సుఖం.

మీరు అడిగిన ఏకాంతానికి ఇంకొక దారి ఉంది. సడ్‌బరీ నుంచి వైట్ రివర్ వరకు వారానికి మూడు రోజులు వయా రైల్ అనే ప్రభుత్వ సంస్థ రైలు నడుస్తుంది. దాదాపు 480 కిలోమీటర్ల ఆ దారిలో బిస్కొటాసింగ్, షాప్లో లాంటి ఊళ్లు వస్తాయి. ఊరు లేని చోట కూడా ముందుగా చెప్పుకుంటే సరస్సు ఒడ్డున దింపుతారు, పడవలను సామాను పెట్టెలో ఎక్కించుకుంటారు. పట్టాల పక్కన సామాన్లతో మనల్ని దించి ఆ రైలు వెళ్లిపోయాక మిగిలే నిశ్శబ్దాన్ని నేను మాటల్లో చెప్పలేను. రైలు మళ్లీ వచ్చే రోజు దాకా అక్కడే ఉండాలి కనుక మందులు రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి లైసెన్సు అక్కరలేదనే అనుకుంటూ ఉన్నాను, సమయానికి చెప్పారు. సెప్టెంబరు మొదటి వారం ఖాయం చేసుకున్నాము. ఈసారికి కారులో వెళ్లి పడవతో కలిపి ఇచ్చే ఇల్లే తీసుకుంటాము. రైలు సంగతి చెప్పగానే నాన్నగారు ఫోనులోనే ఎన్నో ప్రశ్నలు వేశారు, కానీ రాత్రిపూట వైద్య సహాయం దూరమవుతుందని నాకు జంకుగా ఉంది. చివరిగా ఒక సందేహం: నాలుగైదు చేపలను పులుసు కోసం ఇంటికి తేవాలని అమ్మ కోరిక. ముక్కలు కోసి తేవచ్చా?

మూడవ జవాబు ఇచ్చినవారు

తేవచ్చు. అయితే ఏ జాతివో, ఎన్నో తనిఖీ అధికారికి తెలిసేలా ఉండాలి. చర్మం పూర్తిగా తీయకుండా ప్రతి ముక్క మీద గుర్తుపట్టగలిగినంత పెద్ద చర్మపు భాగం ఉంచి, ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టకుండా విడివిడిగా పరిచి మంచులో పెట్టండి. వాలై మాంసం మెత్తగా ఉంటుంది, పులుసులో గరిటె తిప్పితే చెదిరిపోతుంది. చింతపండు రసం బాగా మరిగి చిక్కబడిన తరువాత చివర్లో ముక్కలు జారవిడిచి, గిన్నెను పట్టుకుని కుదపమని అమ్మగారికి చెప్పండి.